దూరదేశ చికిత్స: తల్లిదండ్రుల కర్తవ్యం ఎంతవరకు?



గత తపఃకాలంలో ఒక శుక్రవారం సిలువమార్గం ముగిసిన తరువాత ఒక తండ్రి గుడి మెట్ల మీద నా కోసం కూర్చుని ఉన్నాడు. ఆయన కుమారునికి 13 ఏళ్లు. కండరాల క్షీణత వ్యాధి. ఏడో ఏట మెట్లెక్కడం కష్టమైంది. పదకొండో ఏటి నుంచి చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. తెలివికి ఏ లోటూ లేదు, లెక్కల్లో తరగతికి మొదటివాడు.

తండ్రి ఫోను తీసి ఒక విదేశీ వైద్యశాల వారి వీడియో చూపించాడు. మూలకణాలు ఎక్కిస్తే ఇలాంటి పిల్లలు మళ్లీ నడుస్తారని అందులో చెబుతున్నారు. మూడు విడతల చికిత్స, ప్రయాణం, బస అన్నీ కలిపి 26 లక్షల రూపాయలు. పెద్దమ్మాయి పెళ్లికని ఉంచిన ఎకరం పొలం అమ్మితే అందులో సగం వస్తుంది, మిగిలింది అప్పు చేయాలి.

"ఫాదర్ గారూ, తీసుకువెళ్లకపోతే రేపు దేవుడు నన్ను అడగడా?" అన్నాడు.

వెంటనే జవాబు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే చాలా ఏళ్ల క్రితం మరొక విచారణలో ఇలాంటి ప్రశ్నకే నేను తొందరపడి జవాబు చెప్పాను. "విశ్వాసం ఉంచండి, వెళ్లిరండి" అన్నాను. ఆదివారం పూజలో ప్రత్యేక చందా కూడా పట్టించాను. ఆ కుటుంబం బిడ్డను తీసుకుని వెళ్లివచ్చింది. బిడ్డ స్థితి మారలేదు, అప్పు మాత్రం మిగిలింది. ఆ తల్లి పూజకు రావడం మానేసింది. దేవుని మీద కోపంతో కాదు, చందా ఇచ్చినవారి ముఖం చూడలేక. ఆ పొరపాటులో నా పాలు ఉంది. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

1. శ్రీసభ బోధ ఏమిటి?

ప్రాణం దేవుని వరం కనుక దానిని కాపాడుకోవాలి. అయితే ఏ మార్గంలోనైనా, ఎంత వెల చెల్లించైనా కాపాడి తీరాలని శ్రీసభ ఎన్నడూ చెప్పలేదు. 16వ శతాబ్దంలో స్పెయిన్ దేశపు దొమినికన్ గురువు ఫ్రాన్సిస్కో దె విటోరియా ఈ విషయం చర్చించారు. ఆరోగ్యానికి అన్నిటికన్నా శ్రేష్ఠమైన ప్రదేశానికి పోయి నివసించాలనిగాని, అతి ఖరీదైన ఆహారమే తినాలనిగాని మనిషికి విధి లేదని ఆయన బోధించారు. ఆయన తరువాతి నీతిశాస్త్ర పండితులు కూడా స్వస్థలం విడిచి దూరదేశం పోవడాన్ని అసాధారణ మార్గాల్లో ఒకటిగా లెక్కించారు. ఇన్ని శతాబ్దాల క్రితమే మన తండ్రి అడిగిన ప్రశ్నకు దగ్గరి ప్రశ్నను పెద్దలు ఆలోచించారన్న మాట.

1957లో పన్నెండవ పయస్ పోపుగారు మత్తు వైద్యులతో మాట్లాడుతూ ఈ బోధను స్పష్టం చేశారు. మనిషి సాధారణ మార్గాలను వాడుకోవడానికి బద్ధుడు. తనకుగాని ఇతరులకుగాని మోయలేని భారమయ్యే మార్గాలకు బద్ధుడు కాడు. "ఇతరులకుగాని" అన్న మాటను గమనించండి. పెళ్లి కావలసిన అక్క, అప్పు తీర్చవలసిన తండ్రి, మంచం పక్కన రాత్రంతా మేల్కొనే తల్లి, వీరందరూ ఆ మాటలో ఉన్నారు.

1980 మే నెలలో విశ్వాస సిద్ధాంత పీఠం వెలువరించిన ప్రకటన మన విషయాన్ని ఇంకా సూటిగా తాకింది. వేరే చాలినంత వైద్యం లేనప్పుడు, రోగి సమ్మతితో, ఇంకా ప్రయోగదశలో ఉండి కొంత ప్రమాదంతో కూడిన చికిత్సను సైతం ఆశ్రయించవచ్చు. ఫలితం ఆశించినట్లు లేకపోతే దానిని ఆపివేయవచ్చు. ప్రమాదకరమైన లేక భారమైన చికిత్సను తీసుకొమ్మని ఎవరినీ నిర్బంధించకూడదు. తీసుకోకపోవడం ఆత్మహత్య వంటిది కాదు.

కనుక ఆ తండ్రికి నేను చెప్పిన మొదటి మాట ఇది: "నాయనా, వెళ్లడం పాపం కాదు. వెళ్లకపోవడమూ పాపం కాదు. దేవుడు నిన్ను అడిగేది ఎంత దూరం వెళ్లావని కాదు."

2. పరీక్షించి చూడడం అవిశ్వాసం కాదు

మార్కు సువార్త 5వ అధ్యాయంలో రక్తస్రావ రోగంతో 12 ఏళ్లు బాధపడిన స్త్రీని చూస్తాం. ఆమె ఎందరో వైద్యుల చేతుల్లో పడి, ఉన్నదంతా ఖర్చు చేసుకుని, ఇంకా క్షీణించిందని సువార్తికుడు దాచకుండా రాశాడు. ప్రభువు ఆమెను ఎందుకు ఖర్చు చేశావని గద్దించలేదు. అయినా ఆ ఒక్క వాక్యం ప్రతి కాలానికీ హెచ్చరికే.

లూర్దు పుణ్యక్షేత్రంలో స్వస్థత పొందామని ఇంతవరకు 7,000 మందికి పైగా తెలియజేశారు. 1883 నుంచి అక్కడ పనిచేస్తున్న వైద్య కార్యాలయం ఇలాంటి వృత్తాంతాలను రోగపత్రాలతో సహా ఏళ్ల తరబడి పరిశీలిస్తూ వస్తున్నది. శ్రీసభ అద్భుతాలుగా గుర్తించినవి 70కి కొంచెం పైగా మాత్రమే. మరియమాత సన్నిధిలో జరిగినదాన్నే ఇంత జాగ్రత్తగా పరీక్షించే శ్రీసభ బిడ్డలం, ఫోనులో కనిపించిన వీడియోను ఎందుకు పరీక్షించకూడదు?

పరీక్షించకపోతే ఏమి కావచ్చో వైద్యచరిత్రలో ఉంది. నరాల క్షీణతతో బాధపడుతున్న ఒక ఇశ్రాయేలు దేశపు బాలుణ్ణి తల్లిదండ్రులు 2001లో మాస్కో తీసుకువెళ్లారు. గర్భస్థ పిండాల నుంచి తీసిన నాడీ మూలకణాలను అతని మెదడులోకి, వెన్నుపాము ద్రవంలోకి ఎక్కించారు. తరువాత మరి రెండుసార్లు అదే చికిత్స చేశారు. మొదటి చికిత్స జరిగిన నాలుగేళ్లకు అతని మెదడులో, వెన్నులో కంతులు బయటపడ్డాయి. ఆ కంతి కణాలు బాలునివి కావనీ, ఎక్కించిన కణాల నుంచే పెరిగాయనీ పరీక్షల్లో తేలింది. 2009లో ఇది వైద్య పత్రికలో ప్రచురితమైంది. ఆ తల్లిదండ్రులు చెడ్డవారు కారు. ప్రేమతోనే వెళ్లారు.

ఇందులో మరొక నైతిక ప్రశ్న ఉంది. ఆ కణాలు ఎక్కడివి? 2008లో విశ్వాస సిద్ధాంత పీఠం ఇచ్చిన బోధ ప్రకారం పెద్దవారి శరీరం నుంచి, పుట్టిన శిశువు బొడ్డుతాడు రక్తం నుంచి, సహజంగా మరణించిన పిండం నుంచి మూలకణాలు తీసుకోవచ్చు. బతికి ఉన్న మానవ పిండాన్ని చంపి తీయడం ఎన్నటికీ తగదు. ఒక బిడ్డను బాగుచేయడానికి మరో బిడ్డ ప్రాణం తీయరాదు.

మన దేశంలో భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాలలో, కొన్ని రక్తవ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప తక్కిన మూలకణ చికిత్సలను పరిశోధన దశలోనివిగానే లెక్కించింది. పరిశోధన వేరు, వ్యాపారం వేరు. ఆ తేడా తెలుసుకోవడమే వివేకం.

3. వెళ్లాలనుకోవడమూ ప్రేమే, ఆగిపోవడమూ ప్రేమే

2017లో లండన్‌లో చార్లీ గార్డ్ అనే పసివాని విషయం లోకమంతా విన్నది. కణాలలో శక్తి పుట్టకుండా చేసే అరుదైన జన్యువ్యాధి ఆ బిడ్డది. అమెరికాలో ప్రయోగదశలో ఉన్న ఒక చికిత్స కోసం తీసుకువెళ్లాలని తల్లిదండ్రులు 13 లక్షల పౌండ్లు పోగుచేశారు. దానివల్ల మేలు జరగదనీ, బిడ్డకు బాధే మిగులుతుందనీ లండన్ వైద్యులు అన్నారు. న్యాయస్థానాలు వైద్యుల పక్షాన తీర్పు ఇచ్చాయి. అప్పటి పోపు ఫ్రాన్సిస్ గారు ఆ తల్లిదండ్రులకు తన సామీప్యాన్ని తెలిపి, చివరివరకు బిడ్డను కనిపెట్టుకుని ఉండాలన్న వారి కోరికను గౌరవించాలని ఆశించారు. పోపుగారి ఆధ్వర్యంలోని రోము బాలల వైద్యశాల బిడ్డను చేర్చుకోవడానికి ముందుకు వచ్చింది. జులైలో అమెరికా వైద్యుడు స్వయంగా వచ్చి పరీక్షించాడు. కొత్త పరీక్షల్లో కండరాలు బాగా దెబ్బతిన్నట్టు తేలింది. సమయం మించిపోయిందని తల్లిదండ్రులే జులై 24న న్యాయస్థానానికి చెప్పి తమ కోరిక విరమించుకున్నారు. నాలుగు రోజులకు బిడ్డ మరణించాడు. వారం గడిస్తే మొదటి పుట్టినరోజు.

ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అని ఈనాటికీ వాదించేవారున్నారు. నేను ఆ తల్లిదండ్రుల రెండు పనులను మాత్రమే చూపుతున్నాను. ఆశ ఉన్నంతవరకు పోరాడారు. ఆశ లేదని తెలిసినప్పుడు ఆగారు. రెండవ పని చేయడం మొదటిదానికన్నా కష్టం.

4. బిడ్డను అడిగామా?

శ్రీసభ బోధలో "రోగి సమ్మతితో" అన్న మాట ఉన్నదని చూశాం. సత్యోపదేశ గ్రంథం కూడా (2295) మనుషులపై చేసే ప్రయోగాలకు ఎరిగి ఇచ్చే సమ్మతి అవసరమనీ, పసివారి విషయంలో వారి తరఫున పెద్దలు ఇవ్వాలనీ చెబుతుంది. పదమూడేళ్లవాడు పూర్తిగా పెద్దవాడు కాడు, ఏమీ తెలియని పసివాడూ కాడు.

"మీ అబ్బాయి ఏమన్నాడు?" అని అడిగితే ఆ తండ్రి తెల్లబోయాడు. ఎవరూ అడగలేదు. మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. ఆ పిల్లవాడు మూడు ప్రశ్నలు వేశాడు. సూది వెన్నులో పొడుస్తారా? ఎన్ని నెలలు బడి పోతుంది? అక్క పొలం అమ్ముతారా? మూడవ ప్రశ్నకు తల్లి వంటింట్లోకి వెళ్లిపోయింది. పొలం సంగతి పిల్లలకు తెలియదని పెద్దలు అనుకున్నారు.

5. బయలుదేరే ముందు అడగవలసినవి

ఈ చికిత్స ఫలితాలు వైద్య పత్రికల్లో ప్రచురితమయ్యాయా? లేక బాగుపడ్డామని చెప్పేవారి మాటలేనా?

పరిశోధన అంటున్నారు కదా, మరి సొమ్ము ఎందుకు? నిజమైన పరిశోధనలో పరీక్షించే మందుకు సాధారణంగా రోగి వద్ద డబ్బు పుచ్చుకోరు.

హాని జరిగితే బాధ్యత ఎవరిది? తిరిగివచ్చాక ఎవరు చూస్తారు?

ఎక్కించే కణాలు ఎవరివి, ఎక్కడివి?

మన బిడ్డను ఏళ్లుగా చూస్తున్న వైద్యుడు ఏమంటున్నాడు? ప్రయాణానికి గుండె, ఊపిరితిత్తులు తట్టుకుంటాయా? కండరాల క్షీణత ఉన్న పిల్లలకు శస్త్రచికిత్స వేళ వాడే కొన్ని మందులు ప్రాణాపాయం కలిగించగలవు. ఆ సంగతి రాతపూర్వకంగా వెంట ఉండాలి.

వెళ్లినా వెళ్లకపోయినా రోజువారీ వైద్యం, వ్యాయామం, గుండె పరీక్ష మానకూడదు. మనం బద్ధులమైన సాధారణ మార్గాలు అవే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో కండరాల క్షీణత కూడా ఉంది. ధ్రువపత్రం తీసుకోని కుటుంబాలు వెంటనే తీసుకోవాలి.

వెళ్లాలని నిర్ణయించుకున్నవారు ప్రయాణానికి ముందు పాపసంకీర్తనం చేసి, బిడ్డకు వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇప్పించండి. అది మరణించేవారికి మాత్రమే కాదు, పెద్ద శస్త్రచికిత్సకు ముందు కూడా ఇవ్వదగిన సంస్కారం.

6. విచారణ సంఘానికి ఒక మాట

కపెర్నాములో పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చారు (మార్కు 2). తల్లిదండ్రులు ఇద్దరే మోయలేరు. చందా ఇచ్చినవారు "ఫలితం ఏమిటి?" అని అడగకండి. బాగుకాని బిడ్డను చూసి "విశ్వాసం చాలలేదు" అనే మాట మన నోట రాకూడదు. ఆ మాట ఆ తల్లిని ప్రభువు నుంచి దూరం చేస్తుంది. డబ్బు ఇవ్వలేనివారు వారానికి ఒక పూట ఆ బిడ్డ దగ్గర కూర్చుంటే తల్లి నిద్రపోతుంది. అదీ దానమే.

ఆ కుటుంబం కాగితాలన్నీ హైదరాబాదులో ఒక నరాల వైద్యునికి చూపించింది. ఈ చికిత్స పనిచేస్తుందని చెప్పే ఆధారమేదీ తనకు కనిపించలేదని ఆయన అన్నాడు. వారు వెళ్లలేదు. పొలం నిలిచింది. దాచుకున్న సొమ్ములో కొంతతో గడప దగ్గర వాలుబాట కట్టించారు, స్నానాల గది తలుపు వెడల్పు చేయించారు. మన యువకులు ఆదివారం ఆ పిల్లవాణ్ణి పూజకు తీసుకొస్తున్నారు. తండ్రి మాత్రం "కొన్ని రాత్రులు నిద్రపట్టదు ఫాదర్ గారూ, వెళ్లి ఉంటే ఏమయ్యేదో అనిపిస్తుంది" అంటాడు. ఆ బాధ తీసివేయగల మాట నా దగ్గర లేదు. నేనూ ఆయన పక్కన కూర్చుని జపమాల చెబుతాను.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఆలోచించండి: మన ఇంట్లో రోగి మాటను మనం వింటున్నామా? మన వీధిలో ఇలాంటి కుటుంబానికి మనం మోయగల భారం ఏది?

ప్రభువు మీ ఇళ్లలోని రోగులను తన చేతితో తాకి దీవించునుగాక!