టీచరమ్మ నుంచి శాసనసభ దాకా: జె. ఈశ్వరీబాయి ఎన్నికల ప్రస్థానం

(ఎం.ఏ. రాజనీతి శాస్త్రం, హాస్టల్ పూర్వ విద్యార్థిని)



వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం రాసివ్వమని వార్డెన్ మేడం ఫోన్ చేసినప్పుడు ముందుగా నాకు గుర్తొచ్చింది తొమ్మిదో తరగతిలో జరిగిన క్విజ్. "ఎల్లారెడ్డి నియోజకవర్గం నుంచి రెండుసార్లు శాసనసభకు ఎన్నికైన దళిత మహిళ ఎవరు?" అని అడిగారు. మాది ఎల్లారెడ్డి ప్రాంతమే. అయినా స్టడీ అవర్లో పక్క పక్కన కూర్చునే మా నలుగురిలో ఒక్కరికీ జవాబు రాలేదు. స్టీలు గ్లాసు బహుమతి పక్క జట్టుకు పోయింది. ఆ గ్లాసు సంగతి మరిచిపోయాను కానీ ఆ పేరు మరిచిపోలేదు: జెట్టి ఈశ్వరీబాయి. డిగ్రీలోనూ పీజీలోనూ వీలు దొరికినప్పుడల్లా ఆమె గురించి చదువుతూ వచ్చాను. చదివినంతలో నాకు అర్థమైనది ఇక్కడ రాస్తున్నాను.

ఈశ్వరీబాయి 1918 డిసెంబరు 1న సికిందరాబాదులో ఒక రైల్వే ఉద్యోగి ఇంట్లో పుట్టారు. కీస్ బాలికల హైస్కూల్లో చదివారు. చిన్న వయసులోనే పెళ్ళయి పూనా వెళ్ళారు. ఆ కాపురం నిలవక సికిందరాబాదు తిరిగి వచ్చి, పరోపకారిణి పాఠశాలలో టీచరుగా చేరారు. ఇంటిదగ్గర ట్యూషన్లు కూడా చెప్పేవారు. తన సంపాదన మీద తాను బతకడం అప్పుడే మొదలైంది. మామూలుగా జీవిత చరిత్రల్లో ఈ భాగాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తారు. నాకైతే ఆమె రాజకీయ జీవితానికి పునాది ఇక్కడే కనబడింది. నెల జీతం ఉన్న మనిషి ఎవరి గడప దగ్గరా చేతులు కట్టుకుని నిలబడనక్కర్లేదు. పైగా సికిందరాబాదు బస్తీల్లో టీచరంటే ఉత్తరం చదివిపెట్టేది ఆమే, అర్జీ రాసిపెట్టేది ఆమే. తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ, ఇంగ్లీషు వచ్చిన మనిషికి ఆ పని ఎంత ఉంటుందో ఊహించుకోండి. తర్వాత చిలకలగూడలో గీతా విద్యాలయం పేరుతో సొంతంగా బడి కూడా పెట్టారు.

1942 జూలైలో నాగపూర్‌లో జరిగిన అఖిల భారత అణగారిన వర్గాల మహాసభకు ఆమె వెళ్ళారు. డాక్టర్ అంబేద్కర్ షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌కు పునాది వేసిన సభ అది. అక్కడే జూలై 20న మహిళల సభ వేరుగా జరిగింది. (పోటీ పరీక్షలు రాసే చెల్లెళ్ళు ఈ తేదీ గుర్తుపెట్టుకోండి.) అప్పటికి ఆమె వయసు ఇరవై మూడు, ఇప్పటి నా వయసే. అంబేద్కర్ మరణానంతరం 1957లో ఫెడరేషన్ స్థానంలో రిపబ్లికన్ పార్టీ ఏర్పడినప్పుడు ఆమె అందులో ముందు నిలిచారు. అంతకు ముందే, 1950ల మొదట్లో, నగర పాలక ఎన్నికల్లో చిలకలగూడ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి గెలిచారు. మొదటి గెలుపు బడి ఉన్న బస్తీలోనే వచ్చిందన్నమాట.

మా చిన్నమ్మ అడిగిన ప్రశ్న

ఇక్కడ ఒక ఇంటి విషయం చెప్పాలి. 2013 పంచాయతీ ఎన్నికల్లో మా ఊళ్ళో ఒక వార్డు ఎస్సీ మహిళకు రిజర్వు అయింది. మా చిన్నమ్మను నిలబెట్టారు. నిలబెట్టింది మా వాళ్ళు కాదు. నామినేషన్ ఫీజు కట్టినవాళ్ళు వేరు, తర్వాత తీర్మానాలు రాసినవాళ్ళు వేరు. చిన్నమ్మకు సంతకం వచ్చు కాబట్టి పుస్తకం ఇంటికే పంపేవారు. ఏం రాశారో చదివి చెప్పడానికి ఆ ఇంట్లో అప్పుడు ఐదో తరగతి చదివే నేనొక్కదాన్నే. నేను చదవడం మొదలుపెట్టాక పుస్తకం ఇంటికి రావడం ఆగిపోయింది.

ఈశ్వరీబాయి కథ చిన్నమ్మకు చెప్తే ఆమె అడిగిన మొదటి మాట ఇది: "అది గూడ రిజర్వు సీటే గద బిడ్డా. మనోళ్ళ ఓట్లు ఎన్నుంటయి? మిగిలినోళ్ళు ఓటేస్తెనే గెలిచేది. మరి వాళ్ళకు భయపడకుండ ఎట్ల మాట్లాడింది?"

రాజనీతి శాస్త్రంలో రెండేళ్ళు చదివిన దానికంటే ఈ ప్రశ్న పెద్దది. దీనికి జవాబు వెతకాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం ప్రకటించిన కమ్యూనల్ అవార్డు, అణగారిన వర్గాలవారు తమ ప్రతినిధిని తామే ఎన్నుకునే ప్రత్యేక స్థానాలు ఇచ్చింది. గాంధీజీ నిరాహారదీక్ష చేశారు. 1932 సెప్టెంబరు 24న పూనా ఒప్పందం జరిగింది. సీట్ల సంఖ్య 71 నుంచి 148కి పెరిగింది కానీ ఓటు మాత్రం అందరిదీ అయింది. ఆ ఒప్పందంలో ఒక మెలిక ఉంది, పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా ఉండదు: ముందు అణగారిన వర్గాల ఓటర్లే ప్రాథమిక ఎన్నిక జరిపి నలుగురిని ఎంపిక చేస్తారు, ఆ నలుగురిలో ఒకరిని ఓటర్లందరూ కలిసి ఎన్నుకుంటారు. స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగంలో ఆ మొదటి మెట్టు లేదు. రిజర్వుడు స్థానంలో అభ్యర్థి మాత్రం మనవాడై ఉండాలి, ఓట్లు ఊరందరివీ. కాబట్టి పెద్ద పార్టీలకు నచ్చిన మనిషికే గెలుపు సులభం. అంబేద్కర్ భయపడింది దీనికే.

1952, 1957 ఎన్నికల్లో చాలా రిజర్వుడు స్థానాలు ఇద్దరు సభ్యుల నియోజకవర్గాల్లో ఉండేవి: ఒకటి జనరల్, ఒకటి రిజర్వుడు. 1961లో చట్టం చేసి వాటిని విడగొట్టారు. అలా విడిగా ఎస్సీ స్థానమైన వాటిలో అప్పటి నిజామాబాదు జిల్లాలోని ఎల్లారెడ్డి ఒకటి. అది ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉంది.

1967: ఇద్దరు ఉద్దండురాళ్ళు

1967 శాసనసభ ఎన్నికల్లో ఎల్లారెడ్డిలో కాంగ్రెసు అభ్యర్థి టి.ఎన్. సదాలక్ష్మి. ఆమె సామాన్యురాలు కాదు. శాసనసభ డిప్యూటీ స్పీకరుగా, దేవాదాయ శాఖ మంత్రిగా పనిచేసిన దళిత మహిళ. ఆమె మీద రిపబ్లికన్ పార్టీ తరఫున నిలబడింది సికిందరాబాదు టీచరమ్మ. ఒకవైపు రాష్ట్రాన్ని ఏలుతున్న పార్టీ, మరోవైపు డబ్బూ జీపులూ అంతంత మాత్రమే ఉన్న చిన్న పార్టీ. ఈశ్వరీబాయి గెలిచారు. ఆ ఎన్నికల్లో 287 స్థానాల్లో కాంగ్రెసుకు 165 వచ్చాయి. రిపబ్లికన్ పార్టీకి రాష్ట్రం మొత్తం మీద వచ్చినవి రెండే.

ఎట్లా గెలిచారు? చిన్నమ్మ ప్రశ్నకు నేను చెప్పుకున్న జవాబు ఇది. రిజర్వుడు స్థానంలో పోటీపడేవాళ్ళందరూ ఎస్సీలే. అందువల్ల మిగతా కులాల ఓట్లు కులం చూసి ఒకవైపే కుప్పపడవు, పార్టీలను బట్టి, స్థానిక తగాదాలను బట్టి చీలుతాయి. అలా చీలినప్పుడు, ఎవరి మాటకూ కదలని కొన్ని వేల ఓట్లు ఎవరికి ఉంటే వాళ్ళదే పైచేయి. వాడ ఓటును ముక్కలు కాకుండా నిలుపుకోగలిగితే, రిజర్వుడు స్థానంలో కూడా పెద్దమనుషుల దయ లేకుండా గెలవవచ్చు. ఇది లెక్క వరకు. ఆ వేల ఓట్లు కదలకుండా ఉండాలంటే అభ్యర్థి అమ్ముడుపోదని జనానికి నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం లెక్కలో దొరకదు. ఊరూరా తిరిగి సంపాదించుకోవాల్సిందే.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ఆ పోటీలో ఓడిపోయిందీ మన మనిషే. సదాలక్ష్మి చరిత్ర చదివితే ఆమె మీదా గౌరవం పెరుగుతుంది. ఇద్దరిలో ఎవరు గొప్ప అనే వాదన నాకిష్టం లేదు.

ఇద్దరు సభ్యుల పార్టీ ఏం చేయగలదు?

సభలో ఇద్దరే ఉంటే ప్రభుత్వాన్ని పడగొట్టలేరు, బిల్లు ఆపలేరు. కానీ ప్రశ్న అడగడానికి మెజారిటీ అక్కర్లేదు. ఇది మన సివిక్స్ పుస్తకంలో ఉన్న విషయమే. సభ్యుడు ఒక్కడైనా ప్రశ్న వేస్తే మంత్రి లేచి జవాబు చెప్పాలి. చెప్పింది రికార్డులోకి ఎక్కుతుంది. ఈశ్వరీబాయి ఈ ఆయుధాన్ని బాగా వాడారు. పదేళ్ళు పిల్లలను ప్రశ్నలడిగిన అలవాటు మంత్రుల మీద పనికొచ్చిందని నేను సరదాగా అనుకుంటాను.

1968 ఫిబ్రవరి 24న కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుడిని దొంగతనం నింద మోపి సజీవంగా తగలబెట్టారు. ఆ ఘోరాన్ని శాసనసభలో గట్టిగా నిలదీసినవారిలో ఈశ్వరీబాయి ముందున్నారు. ఆ సందర్భంలో ఒక మంత్రి దళితులను కించపరిచే మాట అంటే ఆమె సభలోనే చెప్పు చూపించి బదులిచ్చారు. ఆమె పేరు చెప్పగానే పెద్దవాళ్ళు తల్చుకునేది ఈ సంఘటననే. ఇదెంత ధైర్యమో ఒప్పుకుంటూనే, నాదొక చిన్న అభ్యంతరం. చెప్పు ఒక్కరోజు పని. జీతాలు, భూములు, హాస్టళ్ళు, తాగునీళ్ళ మీద నిలబడి మాట్లాడటం రోజువారీ పని. రెండోదాన్ని ఎవరూ కథగా చెప్పుకోరు. ఆమె రెండూ చేశారు.

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం లేచింది. ఈశ్వరీబాయి అందులో దిగారు, జైలుకు వెళ్ళారు. రెండేళ్ళ క్రితం ఎల్లారెడ్డిలో ఆమె మీద పోటీ చేసిన సదాలక్ష్మి కూడా అదే ఉద్యమంలో ముందు వరుసలో నిలబడ్డారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి ఇక్కడి 14 స్థానాల్లో 10 గెలిచింది. అదే ఏడాది సెప్టెంబరులో బ్రహ్మానందరెడ్డి దిగిపోయి పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. చెన్నారెడ్డి నాయకత్వంలోని సమితి కాంగ్రెసులో కలిసిపోయింది. ఈశ్వరీబాయి ఆ దారిన వెళ్ళలేదు.

1972లో మళ్ళీ శాసనసభ ఎన్నికలు. దేశమంతా ఇందిరాగాంధీ గాలి. రాష్ట్రంలో 287 స్థానాల్లో కాంగ్రెసుకు 219. అంత గాలిలో ఎల్లారెడ్డి నుంచి ఈశ్వరీబాయి రెండోసారి గెలిచారు. 1967 గెలుపు కంటే నాకు ఈ గెలుపు పెద్దదనిపిస్తుంది. మొదటిసారి గెలవడానికి ఎదుటివారి మీద విసుగు సరిపోవచ్చు. ఐదేళ్ళు చూశాక మళ్ళీ ఓటేయడమంటే పనిచేసిన మనిషిని చూసి వేసినట్లే.

ఆ తర్వాత ఏమైంది? 1971 జనాభా లెక్కల ఆధారంగా నియోజకవర్గాలను మళ్ళీ విభజించారు. 1978 ఎన్నికల నాటికి శాసనసభ స్థానాలు 294 అయ్యాయి. ఎల్లారెడ్డి జనరల్ అయింది, పక్కనున్న జుక్కల్ ఎస్సీలకు రిజర్వు అయింది. పదేళ్ళు ఊరూరా తిరిగి కట్టుకున్న ఇల్లు కాగితం మీద గీత మారితే పోయింది. ఈశ్వరీబాయి మళ్ళీ శాసనసభకు రాలేదు. 1991 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. కోటేశును చంపిన తేదీ, ఆమె పోయిన తేదీ ఒకటే అని ఈ వ్యాసం రాస్తుండగా గమనించాను. కూతురు జె. గీతారెడ్డి డాక్టరు చదివి, ఎమ్మెల్యేగా, మంత్రిగా పనిచేశారు.

రిజర్వేషన్ మారడం గురించి చిన్నమ్మకు విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. 2019లో మా వార్డు మారిపోయింది. మళ్ళీ నిలబడతావా అని అడగడానికి మా ఇంటికి ఎవరూ రాలేదు. "ఆమెకైతే బడి ఉండె," అంది చిన్నమ్మ. తర్వాత కాసేపు ఊరుకుని, మొన్న గ్రామసభ నోటీసు వచ్చింది, అందులో ఏం రాశారో చదివి చెప్పమని తెచ్చి నా చేతిలో పెట్టింది.