వేరుశనగ వేరుకు కాస్తుందా?



బిడ్డలకు మొట్టమొదటి గురువులు తల్లిదండ్రులేనని రెండవ వాటికన్ మహాసభ 1965లో వెలువరించిన విద్యా ప్రకటనలో శ్రీసభ బోధించింది. 1981లో రెండవ జాన్ పౌలు పోపుగారు కుటుంబాన్ని గూర్చి రాసిన ప్రబోధ పత్రంలో ఇదే సత్యాన్ని మరింత గట్టిగా చెప్పారు. ఈ బోధ వినగానే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లో ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "మాకే సదువు రాదు ఫాదర్, మేమేం నేర్పుతం?"

ఈ ప్రశ్న వినయంతో అడిగినదే. కాని దాని వెనుక పెద్ద నష్టం పొంచి ఉంది. ఏడో తరగతికి వచ్చిన పిల్లవాడు ఇంగ్లీషు పాఠం చదువుతాడు. తండ్రి చదవలేడు. "మా నాయనకేమీ తెలియదు" అని వాడు మనసులో అనుకుంటాడు. తల్లిదండ్రులను గౌరవించమన్న నాల్గవ దైవాజ్ఞ మొదట అక్కడే బీటలు వారుతుంది. ఆ బీటను మాటలతో పూడ్చలేము. తండ్రికి తెలిసిన దానిని బిడ్డ పాఠంగా నేర్చుకున్నప్పుడే అది పూడుతుంది.

అందుకు ఒక మార్గం ఉంది. బడిలో గణితం, సైన్సు, సాంఘికం, తెలుగు విడివిడిగా చెబుతారు. ఇంట్లో ఒకే వస్తువును తీసుకొని దాని చుట్టూ ఈ పాఠాలన్నిటినీ కలిపి నేర్పవచ్చు. ఇది బడికి బదులు కాదు. 6 నుంచి 14 ఏళ్ల బిడ్డలందరికీ బడి చదువు హక్కు అని 2009 నాటి చట్టం చెబుతోంది. ఆ హక్కును ఎవరూ తీసివేయరాదు. ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ రెండో వారం దాకా వచ్చే వేసవి సెలవులు ఈ ఇంటి చదువుకు అనువైన కాలం.

మన ప్రాంతానికి తగిన వస్తువుగా వేరుశనగను తీసుకుందాం. తెలంగాణలో ఈ పంట ఎక్కువగా పండేది మన మూడు జిల్లాల ఎర్రనేలల్లోనే. సెలవుల నాటికి యాసంగి పంట ఇల్లు చేరి ఉంటుంది.

మొదటి మెట్టు: సామగ్రి కోసం పరుగెత్తకండి, ముందు ఒక ప్రశ్న పెట్టుకోండి. ప్రశ్న లేకుండా పోగుచేసినది చెత్తకుప్ప అవుతుంది. "వేరుశనగ గురించి అంతా" అనేది ప్రశ్న కాదు. "వేరుశనగ నిజంగా వేరుకు కాస్తుందా?" అనేది ప్రశ్న. "మన పంటకు న్యాయమైన ధర వచ్చిందా?" అనేది మరొక ప్రశ్న. ఒక సెలవుకు ఈ రెండు చాలు.

మన గడ్డమీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారి జీవితంలో దీనికి చక్కని ఉదాహరణ ఉంది. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు ఆయన వాదనతో బదులు చెప్పలేదు. ఊరూరి నుంచి కవుల రచనలను సేకరించి, 354 మందితో 1934లో 'గోలకొండ కవుల సంచిక' ప్రచురించారు. ప్రశ్న ఒక్కటే గనుక ఏది సేకరించాలో, ఏది వదలాలో ఆయనకు తెలిసింది.

రెండవ మెట్టు: ఇంట్లో, ఊళ్లో ఉన్నవి ముందు పోగుచేయండి. అవ్వను అడగండి. పల్లికాయ, శనగకాయ, బుడ్డలు అని ఒక్కో ఊళ్లో ఒక్కో పేరు. అదే తెలుగు పాఠం. మార్కెట్ యార్డులో ఇచ్చిన తక్‌పట్టీని పారేయకండి. గణిత పాఠానికి దానిని మించిన పుస్తకం లేదు. గానుగ దగ్గరకు బిడ్డను తీసుకెళ్లి కొంచెం పల్లి చెక్క తెచ్చుకోండి. బడిలో ఇచ్చిన పాత సైన్సు పుస్తకాలు అమ్మేయకండి. మండల కేంద్రంలోని గ్రంథాలయాన్ని అడగండి. పాలెంలోని వ్యవసాయ పరిశోధనా కేంద్రానికి ఎప్పుడైనా పని మీద వెళితే, వేరుశనగ మీద తెలుగు కరపత్రాలు ఉన్నాయేమో కనుక్కోండి. సెల్‌ఫోనులో వెతకడం చివర చేయండి. అది ముందు వస్తే బిడ్డ కన్ను పొలం మీదికి పోదు.

ఇవేవీ లేవని నిరాశపడవద్దు. అమెరికాలో బానిస తల్లికి పుట్టిన జార్జ్ వాషింగ్టన్ కార్వర్ 1896లో టస్కీగీ విద్యాసంస్థకు ఉపాధ్యాయుడిగా వెళ్లినప్పుడు అక్కడ ప్రయోగశాల పరికరాలు దాదాపు లేవు. ఆయన విద్యార్థులతో కలిసి పారేసిన సీసాలను, డబ్బాలను ఏరి తెచ్చి పరికరాలు చేసుకున్నారు. పత్తి వేసి వేసి సారం పోయిన నేలల్లో వేరుశనగ వేయమని పేద రైతులకు బోధించారు. 1906లో ఒక బండి మీద వ్యవసాయ పాఠాలను ఊళ్లకే పంపే ఏర్పాటు చేశారు. పత్తి, వేరుశనగ రెండూ తెలిసిన గద్వాల రైతుకు ఆయన కథ పరాయి కథ కాదు.

మూడవ మెట్టు: పోగుచేసిన వాటిని సర్దండి. ఒక అట్టపెట్టె, ఐదు పాత కవర్లు చాలు. కవర్ల మీద ఇలా రాయించండి: చూసినవి, విన్నవి, లెక్కించినవి, చదివినవి, ఇంకా తెలియనివి. ప్రతి కాగితం మీద ఎక్కడ దొరికింది, ఎవరు చెప్పారు, ఏ తేదీ అన్న మూడు సంగతులు ఉండాలి. "తాత చెప్పాడు" అని రాసేటప్పుడు తాత పేరు కూడా రాయించండి. తన మాట కాగితం మీదికి ఎక్కిందని తెలిసిన తాత మరునాడు ఇంకో సంగతి గుర్తుచేసుకొని వస్తాడు. ప్రతి శనివారం సాయంత్రం పెట్టె విప్పి, ప్రశ్నకు సంబంధం లేని వాటిని తీసివేయండి.

ఇక పాఠం చూడండి. సెలవులు మొదలైన రోజే పగిలిన బకెట్టులో వదులైన ఎర్రమన్ను నింపి నాలుగు గింజలు నాటించండి. నీళ్లు అందితే సుమారు నెల రోజులకు పసుపు పూలు వస్తాయి. మరో వారం, పది రోజుల్లో పూవు ఉన్నచోటు నుంచి ఒక ఊడ కిందికి దిగి మట్టిలోకి పోతుంది. ఆ ఊడ కొన ఉబ్బి కాయ అవుతుంది. అంటే వేరుశనగ వేరుకు కాయదు, పూవుకే కాస్తుంది! వేరును కడిగి చూస్తే కనిపించేవి చిన్న బుడిపెలు. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే సూక్ష్మజీవులు వాటిలో ఉంటాయి. ఊడలు దిగే దశలో జిప్సం ఎందుకు వేస్తారో తండ్రిని అడగమనండి. తండ్రి "కాయ నిండడానికి" అంటాడు. కాయ తనకు కావలసిన కాల్షియాన్ని నేల నుంచి నేరుగా తీసుకుంటుందని పుస్తకం అంటుంది. రెండు కవర్లలోని మాట ఒక్కటేనని బిడ్డ గ్రహించిన ఆ క్షణంలో తండ్రి గౌరవం నిలబడుతుంది.

మన తెలివి ఇంద్రియాల ద్వారా తెలిసిన దానితోనే మొదలవుతుందని పునీత తోమాస్ అక్వినాసు బోధించారు. వైద్యుడు ప్రకృతికి తోడ్పడి రోగిని బాగుచేసినట్టే, గురువు బిడ్డలోని తెలివికి తోడ్పడతాడే గాని తన తెలివిని వాడి తలలో పోయడు అని కూడా ఆయన చెప్పారు. కనుక చదువురాని తల్లి సైతం గురువు కాగలదు. "చూడు, ఏం కనిపించింది?" అని అడగగలిగితే చాలు.

లెక్కల కవరులోకి రండి. కిలో కాయ ఒలిపించి పప్పు తూకం వేయించండి. సుమారు 700 గ్రాములు రావాలి. తక్కువ వస్తే ఎందుకో వెతకనివ్వండి. 2024-25లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 6,783 రూపాయలు. ఆ ఏటి తక్‌పట్టీ ఉంటే దాని పక్కన పెట్టి, కోతలు పోను చేతికి ఎంత వచ్చిందో బిడ్డ చేతనే లెక్క కట్టించండి. రేపు తండ్రిని ఎవరూ మోసం చేయకుండా కాచేది ఈ లెక్కే.

ఒక హెచ్చరిక. పని నేర్పడం వేరు, పనికి పెట్టడం వేరు. విత్తన పత్తి చేలలో క్రాసింగ్ పనులకు పసిచేతులను వాడిన చరిత్ర మన ప్రాంతానికి ఉంది. పొలానికి వెళ్లిన బిడ్డ చేతిలో నోటుపుస్తకం ఉండాలి, కూలి ఉండకూడదు.

పొలం లేనివారు విచారించనక్కరలేదు. గద్వాలలో చీర ఉంది. నూలు చీరకు పట్టు అంచు ఎలా అతుకుతుందో మగ్గం దగ్గర నిలబడి అడగండి. పడుగు, పేక లెక్కలే గణితం. నాగర్‌కర్నూలు జిల్లాలో కొల్లాపూర్ వైపు వారు శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊళ్ల పేర్లు పెద్దలను అడిగి రాయండి. ఆ పెద్దలు దాటిపోకముందే రాయండి.

సెలవులు ముగిసే ఆదివారం కుటుంబ ప్రార్థన తర్వాత బిడ్డ ఆ ఐదు కవర్లు విప్పి అందరికీ వివరించాలి. అప్పుడు యోహాను సువార్త 12వ అధ్యాయంలో భూమిలో పడి నశించే గింజను గూర్చి ప్రభువు చెప్పిన మాటలు చదవండి. నేలకు వంగిన పూవే కాయగా మారడం కళ్లారా చూసిన బిడ్డకు ఆ వాక్యం మరువరాని పాఠమవుతుంది. ఐదవ కవరును మాత్రం ఖాళీ చేయకండి. తెలియనివి మిగిలి ఉన్న ఇంట్లోనే చదువు కొనసాగుతుంది.

నజరేతు ఇంట్లో బాలయేసుకు తోడుగా నిలిచిన మరియమ్మ, జోజప్పలు మీ ఇంటి బడికి తోడుండుదురు గాక!