పాఠం 16 : కనిపించీ కనిపించని యుద్ధనౌక

16.1 పరిచయం

2025 ఆగస్టు 26న విశాఖపట్నంలో ఉదయగిరి, హిమగిరి అనే రెండు యుద్ధనౌకలు ఒకేరోజు భారత నౌకాదళంలో చేరాయి. ఉదయగిరిని ముంబయిలోని మజగావ్ డాక్‌లో, హిమగిరిని కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ నౌకానిర్మాణశాలలో కట్టారు. ఉదయగిరి అన్నది ఆంధ్రప్రదేశ్‌లోని కొండల పేరు. ఈ రెండూ 'స్టెల్త్ ఫ్రిగేట్' రకానికి చెందినవి.

ఫ్రిగేట్ అంటే మధ్యతరహా యుద్ధనౌక. పెద్ద ఓడల వెంట కాపలాగా వెళ్ళడం, జలాంతర్గాములను వెదకడం, విమానాలనూ క్షిపణులనూ అడ్డుకోవడం దీని పనులు. స్టెల్త్ అంటే అలికిడి లేకుండా, చాటుగా మెలగడం. పత్రికల్లో అప్పుడప్పుడు వీటిని 'అదృశ్య నౌకలు' అని రాస్తుంటారు. ఆ మాట సరికాదు. ఉదయగిరి పొడవు 149 మీటర్లు, బరువు సుమారు 6,670 టన్నులు. పగటివేళ ఒడ్డున నిలబడిన ఎవరికైనా అది మామూలు కంటికే కనిపిస్తుంది. మరి అది దాగేది ఎవరి నుంచి? ఎంతవరకు దాగగలదు? ఈ పాఠంలో మనం తెలుసుకోబోయేది అదే. 

16.2 దాగవలసిన అవసరం ఏమిటి?

1982లో ఫాక్లాండ్ దీవుల కోసం బ్రిటన్, అర్జెంటీనా దేశాల మధ్య యుద్ధం జరిగింది. మే 4న అర్జెంటీనా విమానం వదలిన ఎగ్జోసెట్ క్షిపణి ఒకటి బ్రిటన్ యుద్ధనౌక షెఫీల్డ్‌ను తాకింది. 20 మంది చనిపోయారు. ఓడ మంటల్లో చిక్కి, మే 10న మునిగిపోయింది. ఆ క్షిపణి నీటికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఎగురుతూ వచ్చింది.

అంత తక్కువ ఎత్తులో వచ్చే క్షిపణిని ముందుగా చూడడం ఎందుకు కష్టమో గమనించండి. భూమి గుండ్రంగా ఉంది. రాడార్ తరంగాలు దాదాపు నేరుగా పోతాయి. అందువల్ల దిక్చక్రానికి అవతల, నీటిని ఆనుకొని వచ్చే వస్తువు రాడార్‌కు కనిపించదు. ఓడమీద 25 మీటర్ల ఎత్తున రాడార్ ఉందనుకుందాం. నీటికి 5 మీటర్ల ఎత్తున వచ్చే క్షిపణి దానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోకి వచ్చాకనే కనిపిస్తుంది. క్షిపణి సెకనుకు 300 మీటర్ల వేగంతో వస్తే ఓడలోనివారికి మిగిలే సమయం 100 సెకన్లు. ఈ సమయంలోనే దానిని గుర్తించాలి, నిర్ణయం తీసుకోవాలి, ఎదురు క్షిపణిని వదలాలి. ఓడలో రెండు వందలమందికి పైగా ఉంటారు.

ప్రమాదం నీటి పైనుంచే కాదు, అడుగునుంచి కూడా వస్తుంది. 1971 డిసెంబరు 9 రాత్రి మన ఫ్రిగేట్ ఖుక్రీని దీవ్ తీరానికి దగ్గరలో పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడోతో ముంచివేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడిచి రాలేదు.

కాబట్టి శత్రువు మనను ఆలస్యంగా కనిపెట్టినా, ఒకదాన్ని చూసి మరొకటి అనుకున్నా, ఆ మేరకు ప్రాణాలు దక్కే అవకాశం పెరుగుతుంది.

16.3 రాడార్ నుంచి దాగడం

రాడార్ రేడియో తరంగాలను పంపుతుంది. అవి ఓడకు తగిలి పరావర్తనం చెంది వెనక్కు వస్తే, అక్కడ ఏదో ఉన్నదని తెలుస్తుంది. వెనక్కు వచ్చే తరంగాలను తగ్గించడమే స్టెల్త్‌లో మొదటి పని.

చేసి చూడండి : రాత్రివేళ చీకటి గదిలో ఒక అద్దాన్ని గోడకు ఆనించి నిలబెట్టండి. టార్చిలైటును మీ కంటి పక్కన పట్టుకొని అద్దంమీద వేయండి. అద్దం మీకు సరిగ్గా ఎదురుగా ఉంటే వెలుగు కళ్ళలో కొడుతుంది. అద్దాన్ని కాస్త వెనక్కు వాల్చండి. వెలుగు పైకప్పుకు పోతుంది. మీ కంటికి అద్దం నల్లగా కనిపిస్తుంది. ఇప్పుడు రెండు అద్దాలను తెరిచిన పుస్తకంలాగా, లంబకోణంలో నిలబెట్టి వెలుగు వేయండి. వాటిని కొంచెం కుడికి తిప్పినా, ఎడమకు తిప్పినా వెలుగు తిరిగి మీవైపే వస్తుంది. సైకిల్ వెనుక మడ్‌గార్డుకు ఉండే ఎర్ర రిఫ్లెక్టర్ లోపల ఇటువంటి చిన్నచిన్న మూలలే ఉంటాయి. అందుకే లారీ ఏ మూలనుంచి వచ్చినా దాని లైట్ల వెలుగు తిరిగి డ్రైవరు కంటికే చేరుతుంది.

యుద్ధనౌక విషయంలో కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. లంబకోణపు మూలలు ఉండకూడదు. 1976లో నౌకాదళంలో చేరి 2007 వరకు పనిచేసిన పాత ఉదయగిరిని తలచుకోండి. నిలువు గోడలు, కొయ్యకు నిండా యాంటెన్నాలు, బయట వేలాడే పడవలు, డెక్కుమీద రకరకాల సామాను. ఎటు చూసినా మూలలే. కొత్త ఉదయగిరి పక్కగోడలు ఏటవాలుగా ఉంటాయి. పడవలను తలుపుల చాటున పెట్టారు. క్షిపణులు డెక్కు కింద నిలువు గొట్టాలలో ఉంటాయి. రాడార్ పలకలను మూసివున్న స్తంభానికి నాలుగు వైపులా అమర్చారు. ఈ పద్ధతిలో ముందుగా పేరు తెచ్చుకున్నది 1996లో ఫ్రాన్సు నౌకాదళంలో చేరిన లాఫయెట్. మన దేశంలో తయారైన మొదటి స్టెల్త్ ఫ్రిగేట్ శివాలిక్ 2010లో నౌకాదళంలో చేరింది.

16.4 ఎంత తగ్గితే ఎంత లాభం?

ఇక్కడ చాలామంది పొరబడతారు. పరావర్తనం సగమైతే శత్రువుకు కనిపించే దూరం కూడా సగమవుతుందని అనుకుంటారు. అలా కాదు. రాడార్ తరంగం వెళ్ళేటప్పుడు దూరపు వర్గాన్నిబట్టి పలచబడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు మరోసారి అలాగే పలచబడుతుంది. అంటే మొత్తంమీద దూరపు నాలుగవ ఘాతాన్నిబట్టి బలహీనమవుతుంది. అందువల్ల కనిపించే దూరం సగం కావాలంటే పరావర్తనం 16వ వంతుకు తగ్గాలి (2×2×2×2 = 16). దూరం పదవ వంతు కావాలంటే పరావర్తనం 10,000వ వంతుకు తగ్గాలి. ఎంత శ్రమకు ఎంత ఫలితమో చూడండి.

అయినా ఈ శ్రమ పడేది ఎందుకంటే, దీనివల్ల మరో లాభం ఉన్నది. శత్రు క్షిపణి వస్తున్నదని తెలిసినప్పుడు ఓడనుంచి సన్నని లోహపు పూత గల తీగలను ఆకాశంలోకి చిమ్ముతారు. దీనిని 'చాఫ్' అంటారు. ఆ మబ్బునుంచి కూడా తరంగాలు పరావర్తనం చెందుతాయి. క్షిపణి తలలోని చిన్న రాడార్‌కు ఓడ పెద్దగా, మబ్బు చిన్నగా కనిపిస్తే ఆ ఎత్తు పారదు. ఓడే చిన్నగా కనిపిస్తే క్షిపణి మబ్బు వెంట పోతుంది. స్టెల్త్‌కు అసలు విలువ ఇక్కడ ఉంది.

పాఠ్యగత ప్రశ్నలు

1. ఒక ఓడ పరావర్తనాన్ని 81వ వంతుకు తగ్గించారు. అది రాడార్‌కు కనిపించే దూరం ఎన్నవ వంతు అవుతుంది?
2. 16.2లో చెప్పిన క్షిపణి సెకనుకు 900 మీటర్ల వేగంతో వస్తే ఎంత సమయం మిగులుతుంది?

16.5 వేడి, చప్పుడు, అయస్కాంతం

కొన్ని క్షిపణులు వేడిని పట్టుకొని వస్తాయి. వేడి వస్తువులనుంచి పరారుణ కిరణాలు వెలువడతాయి. గ్యాస్ టర్బైన్ పొగ అయిదు వందల డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది. అందుచేత పొగగొట్టంలోకి బయటి చల్లని గాలిని లాగి, పొగతో కలిపి, ఆ తర్వాతే వదులుతారు.

జలాంతర్గామి వెదకడానికి ఎక్కువగా ఆధారపడేది చెవులమీదనే. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో పోతుంది. ఇది గాలిలోకన్నా నాలుగు రెట్లకు పైమాట. పైగా చాలా దూరం పోతుంది. ఓడలో యంత్రాలను రబ్బరు దిమ్మెలమీద నిలబెట్టేది ఆ అదురు ఓడ గోడలకు, అక్కడనుంచి నీటికి చేరకుండా ఉండడానికే. అన్నిటికన్నా పెద్ద చప్పుడు ప్రొపెల్లర్‌ది. రెక్కలు వేగంగా తిరిగినప్పుడు వాటి వెనుక పీడనం బాగా పడిపోయి, చల్లని నీరే ఆవిరి బుడగలుగా మారుతుంది. ఆ బుడగలు వెంటనే చిట్లుతాయి. ఆ చిటపట మైళ్ళ దూరం వినిపిస్తుంది. బుడగలు ఆలస్యంగా పుట్టేలా రెక్కల వంపును తీర్చిదిద్దాలి. విశాఖపట్నంలోని నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవైన నీటితొట్టి ఉంది. ఓడల నమూనాలను అందులో లాగి పరీక్షిస్తారు.

ఓడ ఉక్కుతో చేసినది కాబట్టి దాని చుట్టూ కొద్దిపాటి అయస్కాంత క్షేత్రం ఉంటుంది. కొన్ని సముద్రపు మందుపాతరలు దానివల్లనే పేలుతాయి. ఓడలో తీగచుట్టలు అమర్చి, వాటి గుండా విద్యుత్తును పంపి, ఆ క్షేత్రాన్ని దాదాపుగా అణచివేస్తారు. ఈ ఓడలకు వాడిన డి.ఎం.ఆర్. 249-ఎ అనే ఉక్కును హైదరాబాదులోని రక్షణ లోహశాస్త్ర పరిశోధనాలయం రూపొందించింది. స్టీల్ అథారిటీ దానిని తయారుచేసింది.

16.6 తన గొంతే తనకు శత్రువు

ఓడ ఎంత జాగ్రత్తగా కట్టినా, దాని రాడార్ వేశారంటే దాగడం పోయినట్టే. చీకట్లో టార్చిలైటు పట్టుకొని నడిచే మనిషిని ఆలోచించండి. అతనికి నాలుగడుగుల దారి కనిపిస్తుంది. అతను మాత్రం ఊరి చివరినుంచి కూడా కనిపిస్తాడు. రాడార్ తరంగం శత్రువుదాకా వెళ్ళి తిరిగి రావాలి. శత్రువుకు అది ఒక్కసారి చేరితే చాలు. అందుచేత మనం అతన్ని చూడగల దూరంకన్నా ఎక్కువ దూరం నుంచి అతను మన రాడార్‌ను వినగలడు. యుద్ధ సమయంలో రాడార్‌ను ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఆపాలి అన్నది కెప్టెన్ తీసుకొనే నిర్ణయాలలో చాలా కష్టమైనది. వేయకపోతే వచ్చే క్షిపణి తెలియదు. వేస్తే తానెక్కడున్నదీ చెప్పినట్టవుతుంది.

16.7 ఇంజన్లు, ఆయుధాలు

ఉదయగిరిలో రెండు డీజిల్ ఇంజన్లు, రెండు గ్యాస్ టర్బైన్లు ఉన్నాయి. ఒక సమయంలో ఏదో ఒక రకాన్నే వాడతారు. ఓడ వేగం రెండింతలు కావాలంటే శక్తి సుమారు ఎనిమిది రెట్లు కావాలి. అందువల్ల మామూలు గస్తీకి డీజిల్, పరుగుకు టర్బైన్. గరిష్ఠ వేగం 28 నాట్లు, అంటే గంటకు సుమారు 52 కిలోమీటర్లు. బస్సు వేగమే కదా అనిపించవచ్చు. కాని ఆరువేల టన్నులకు పైగా బరువును నీటిని చీల్చుకుంటూ తోసుకుపోవాలి.

ఓడలమీద దాడికి 8 బ్రహ్మోస్ క్షిపణులు, ఆకాశంనుంచి వచ్చేవాటిని కూల్చడానికి 32 బరాక్-8 క్షిపణులు ఉన్నాయి. బరాక్-8ను ఇజ్రాయెల్‌తో కలిసి రూపొందించడంలో హైదరాబాదులోని డి.ఆర్.డి.ఎల్. పాలుపంచుకుంది. ఇవి కాక 76 మిల్లీమీటర్ల ఫిరంగి, టార్పెడోలు, జలాంతర్గాములమీద వేసే రాకెట్లు, ఒక హెలికాప్టర్ షెడ్డు ఉన్నాయి. 

16.8 దీనికి చెల్లించే మూల్యం

గోడలు ఏటవాలుగా ఉంటే లోపలి చోటు తగ్గుతుంది. సామాను అంతా మూసిన గదుల్లో ఉంటే మరమ్మతు కష్టం. ఒక తలుపు తెరిచి మరచినా, డెక్కుమీద ఏదో పెట్టె వదిలేసినా, పరావర్తనం మళ్ళీ పెరుగుతుంది. అంటే స్టెల్త్ అనేది కట్టినప్పుడు ఒకసారి వచ్చి ఉండిపోయే గుణం కాదు. నావికులు రోజూ కాపాడుకోవలసినది.

శాంతికాలంలో మరొక చిక్కు ఉంది. సరకుల ఓడ రాడార్‌లో ఈ పెద్ద నౌక చిన్న పడవలాగా కనిపించవచ్చు. రాత్రి గుద్దుకొనే ప్రమాదం ఉంది. అందుకే రద్దీ దారుల్లో దీపాలు వెలిగించి, తన ఉనికిని రేడియో సంకేతాలతో తెలుపుతూ పోతుంది. వేటకు వెళ్ళే మత్స్యకారుల బాధ దీనికి తలకిందులు. చిన్న చెక్కపడవ ఎవరి రాడార్‌కూ సరిగా కనిపించదు. అందుకని కొన్ని పడవల కొయ్యకు లంబకోణపు మూలలతో చేసిన లోహపు రిఫ్లెక్టరును కడతారు. ఫ్రిగేట్ దేన్ని వదిలించుకోవడానికి అన్ని కోట్లు ఖర్చు చేసిందో, పడవ దాన్నే కావాలని కట్టుకుంటుంది.

పాఠ్యగత ప్రశ్నలు

3. గస్తీలో డీజిల్ ఇంజన్లనే ఎందుకు వాడతారు?
4. రాడార్‌ను ఆపివేస్తే ఓడకు కలిగే లాభం ఏమిటి? నష్టం ఏమిటి?
5. మత్స్యకారుల పడవకు రిఫ్లెక్టర్ ఎందుకు లంబకోణపు మూలలతో ఉండాలి? మీరు చేసిన అద్దాల ప్రయోగం ఆధారంగా రాయండి.

జవాబులు (ముందుగా మీరు రాసి, తర్వాత సరిచూసుకోండి)

1. మూడవ వంతు. 3×3×3×3 = 81.
2. 30,000 మీటర్లను 900తో భాగిస్తే సుమారు 33 సెకన్లు.
3. తక్కువ వేగానికి చాలా తక్కువ శక్తి చాలు. టర్బైన్ వాడితే ఇంధనం వృథా అవుతుంది.
4. లాభం: శత్రువు ఆ తరంగాలను విని ఓడ ఉన్నచోటు కనిపెట్టలేడు. నష్టం: వచ్చే క్షిపణిని ఓడ ముందుగా చూడలేదు.
5. అలల మీద పడవ ఎటు తిరిగినా, ఆ మూలలు తరంగాన్ని వచ్చిన దిక్కుకే పంపుతాయి. ఒకే పలక అయితే ఎదురుగా ఉన్నప్పుడు మాత్రమే అలా పంపగలదు.