షుగరు రోగులూ, అన్నం లెక్క తెలుసుకోండి

"డాక్టరు గారు అన్నం తగ్గించమన్నారు. మరి ఏం తినాలి హకీం సాబ్?" దవాఖానాకు వచ్చే షుగరు రోగుల్లో ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. కొందరు అన్నం మానేసి కడుపునిండా చపాతీలు తింటారు. మరికొందరు రెండు పూటలా పలుచని రాగి జావ తాగుతారు. అయినా షుగరు దిగలేదని దిగులు పడతారు. ఏం తిన్నామన్నది ఒక్కటే చాలదు. ఎంత తిన్నాం, అది ఎంత వేగంగా రక్తంలో చక్కెరగా మారింది అన్నదీ చూడాలి.

యునానీ వైద్యంలో మధుమేహాన్ని జియాబెతుస్ అంటారు. ఆరోగ్యానికి అవసరమైన ఆరు అంశాల్లో తిండీ పానీయమూ ఒకటి. ఆహారంతో చేసే చికిత్సను ఇలాజ్ బిల్ గిజా అంటారు. ఈ చికిత్సకు నేటి శాస్త్రం ఇచ్చిన మంచి కొలబద్ద గ్లైసిమిక్ ఇండెక్స్. 1981లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ బృందం దీన్ని ప్రకటించింది.

గ్లూకోజుకు 100 మార్కులు అనుకోండి. 55, అంతకు తక్కువైతే నిదానంగా అరిగే ఆహారం. 56 నుంచి 69 మధ్యస్థం. 70, ఆపైన వేగంగా షుగరు పెంచేది. ఉడికించిన తెల్ల అన్నం సగటున 73, చక్కెర 65, యవలు 28, శనగలు 28. తెల్ల అన్నం అంకె చక్కెర కంటే ఎక్కువన్న మాట!

చక్కెర ఒక్కసారిగా పెరిగితే క్లోమం ఎక్కువ ఇన్సులిన్ వదలాలి. టైప్ 2 రోగుల్లో శరీరం ఇన్సులిన్ మాట సరిగా వినదు కనుక క్లోమంపై భారం ఇంకా పెరుగుతుంది. నిదానంగా అరిగే ఆహారం ఆ భారాన్ని తగ్గిస్తుంది.

అయితే అంకె ఒక్కటే చూసి మోసపోకండి. పుచ్చకాయ అంకె 76. కానీ 120 గ్రాముల ముక్కలో పిండిపదార్థం చాలా తక్కువ, అందుకని షుగరుపై భారం స్వల్పమే. 150 గ్రాముల అన్నంలో సుమారు 40 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. 40ని 73తో గుణించి 100తో భాగిస్తే 29 వస్తుంది. దీన్ని గ్లైసిమిక్ లోడ్ అంటారు. 10 లోపు తక్కువ, 20 దాటితే ఎక్కువ. ఇక ఐస్‌క్రీమ్ అంకె తక్కువగా ఉండటానికి అందులోని కొవ్వు ఒక కారణం. అంతమాత్రాన అది పథ్యం కాదు.

ఆచరణలో ఇలా చేయండి:

1. ముందు కూర, పప్పు తిని, ఆ తర్వాత అన్నం తినండి. అన్నం సగానికి తగ్గించి కూర పెంచండి.
2. రాగులు, జొన్నలు మంచివే. మెత్తని పిండితో కాచిన జావ త్వరగా అరుగుతుంది. ముద్దగానో, రొట్టెగానో కూరతో కలిపి మితంగా తినండి.
3. యవలను వడకట్టిన నీళ్లుగా కాక, గింజలతో సహా ఉడికించి తినండి. పీచు గింజలోనే ఉంటుంది.
4. అన్నం మరీ మెత్తగా ఉడికించవద్దు.
5. బెల్లం, తేనె చక్కెర కన్నా సురక్షితం అనుకోవద్దు.
6. భోజనం తర్వాత పది, పదిహేను నిమిషాలు నడవండి.

ఒకే ఆహారం ఒక్కొక్కరిలో ఒక్కోలా పనిచేస్తుంది. భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు పరీక్ష చేసుకుని రాసిపెట్టుకోండి. మీ పుస్తకమే మీ పట్టిక. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పప్పు ఎంత తినాలో డాక్టరును అడగాలి.

చివరగా ముఖ్యమైన మాట. ఆహారం మార్చామని ఇన్సులిన్, మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు. యునానీ మందులు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. చెమటలు, వణుకు వచ్చి షుగరు 70 లోపు పడిపోతే శనగలు, రొట్టెలు పనికిరావు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ పరీక్షించండి. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.