కాంతి మారెడు చుక్కలు

చిరంజీవి సౌదామినికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ జాబు చేరినది. తోడివారిలో ఎవ్వరికిని లేని వ్యాసంగ మొకటి చెప్పుమని యడిగితివి. ఎవ్వరికిని లేకుండుటయే దానికి గౌరవమని తలఁపకుము. మెచ్చువారు లేకున్నను ఏండ్ల తరబడి చేయఁదగినదై, నీవు చేసిన స్వల్పము సయితము లోకవిజ్ఞానమునఁ జేరఁగలిగినదై యుండవలెను. అట్టివానిలో నాకు మిక్కిలి ప్రియమైనది, కాంతి మారెడు నక్షత్రములను కనిపెట్టి యుండుట.

ఆకసమునందలి చుక్కలన్నియు నిత్యము ఒకే వెలుఁగున నుండవు. ఆల్గాల్ అను తార 2 దినముల 20 గంటల 49 నిమిషములకొక తూరి మసకబారి మరల తేటపడును. ఇంగ్లండు దేశమున యార్క్ నగరమందు జాన్ గుడ్‌రిక్ అను బధిరయువకుఁడు దానిని రాత్రులవెంట రాత్రులు పరిశీలించి, చీఁకటిగోళ మొకటి దాని కడ్డముగా తిరుగుచుండవచ్చునని 1783లో, పందొమ్మిదేండ్లు నిండకమునుపే, ఊహించెను. అతఁడు ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున గతించెను. ఊహ మాత్రము నూరేండ్లు దాటిన పిమ్మట వర్ణపట పరీక్షచే స్థిరపడినది. మన విశాఖపట్టణమునందును గోడే వెంకట జగ్గారావుగారు 1840లో స్వంత వేధశాల నెలకొల్పఁగా, వారి యల్లుఁడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడపి, 1874లో శుక్రుఁడు సూర్యబింబమును దాఁటుట నచటనుండి పరిశీలించిరి. వేడుకగా మొదలైన పని యెంతదూర మేగఁగలదో చూడుము.

నీకు వేధశాల యక్కఱలేదు. కాంతి మారెడు ఆర్ద్రా నక్షత్రముతో ఆరంభింపుము. వీధిదీపములు తగులనిచోట ఇరువది నిమిషములు కన్నులను చీఁకటికి అలవఱచుకొని, రోహిణికంటె అది యెంత హెచ్చో, ప్రోసియాన్ అను తారకంటె ఎంత తక్కువో అంచనా కట్టి, తేదీ, గంట, ఆ వెలుఁగు అంచనా అంకె వ్రాసికొనుము. ఆర్ద్ర ఎఱ్ఱనిది, తదేకముగాఁ జూచినచో ఉన్నదానికంటె హెచ్చు వెలుఁగుతోఁ దోఁచును గనుక చూపు నిలుపక తేలికగాఁ ద్రిప్పుము. నిన్నటి అంకెను ముందు చూడకుము. మనస్సు తానెదురుచూచినదానినే కంటికిఁ జూపును. ఈ విద్యలో దానికంటె కపటశత్రువు లేదు. మబ్బు పట్టిన రాత్రి మబ్బనియే వ్రాయుము, ఊహించి పూరింపకుము.

నెలల తరబడి ఏ మార్పును గానరాకపోవచ్చును. విసుగు పుట్టును. కాని 2019 చివర మసకబారనారంభించిన ఆర్ద్ర 2020 ఫిబ్రవరికి రోహిణికంటెను తగ్గిపోయినప్పుడు, అది యెంత అసాధారణమో తెలియుటకు అంతకుముందు పెక్కుకాలము పెద్ద మార్పేమియు లేకున్నను ఓర్పుతో అంకెలు వ్రాసికొన్నవారి పుస్తకములే ఆధారమైనవి. అమెరికాలో 1911లో స్థాపితమైన యొక పరిశీలకసంఘము దేశదేశములనుండి ఇట్టి అంకెలను గైకొని భద్రపఱచుచున్నది. చేయి తిరిగిన పిదప నీవియు పంపవచ్చును.

మార్గశిరమున రాత్రి తొమ్మిదింటికి ఆర్ద్ర తూర్పున నీకు చక్కగాఁ గనఁబడును. ఒక నెల గడచిన పిమ్మట పుస్తకము నాకుఁ బంపుము. నీ అంకెలలో నొక్కదానినైన దిద్దను, చదివి పదిలముగాఁ ద్రిప్పి పంపెదను.

ఇట్లు,
మీ తాతయ్య