పని చేస్తూ పలికే మాట: చిన్నపిల్లలకు తెలుగు క్రియలు

కంప్లిలో నివసించే తెలుగు కుటుంబాల పిల్లలలో చాలామంది బడిలో కన్నడం చదువుతారు, ఇంట్లో తెలుగు వింటారు. అన్నం, చెట్టు, బండి వంటి నామవాచకాలు వారికి సులభంగా పట్టుబడతాయి. వస్తువు కంటి ఎదుట నిలిచి ఉంటుంది. పని మాత్రం క్షణంలో ముగుస్తుంది. కనుక ముందుగా జారిపోయేవి క్రియలే. క్రియ లేనిదే చాలా వాక్యాలు సాగవు. మాటలన్నీ అర్థమైనా, బదులు చెప్పలేని బిడ్డ మౌనానికి ఇది ఒక ముఖ్య కారణం.

క్రియను బొమ్మ చూపి కాక, పని చేయించి నేర్పవలెను. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ ఆషర్ 1960ల నాటి నుండి ప్రచారం చేసిన పద్ధతి ఇదే: విన్న ఆదేశానికి బిడ్డ మొదట శరీరంతో బదులిస్తుంది, మాట తరువాత వస్తుంది. తెలుగుకు ఇది చక్కగా అమరుతుంది. రా, పో, లే, తిను వంటి విధిరూపాలు అతి చిన్నవి. "లే" అనండి. బిడ్డ లేచిన వెంటనే "లేచావు" అనండి, "లేచాను" అనిపించండి. పిమ్మట ఆదేశించే వంతు బిడ్డకు ఇవ్వండి. అప్పుడు పెద్దలతో "లేవండి, రండి" అనే మర్యాద రూపాలు కూడా అలవడతాయి.

రెండవ విషయం మన నోటికి సంబంధించినది. "కట్ చెయ్యి" అనే ఒక్క మాట ఎన్ని క్రియలను మింగివేస్తున్నదో గమనించండి. వరి కోస్తారు, చెరకు నరుకుతారు, కూరగాయలు తరుగుతారు, బట్ట కత్తిరిస్తారు. "వాష్ చెయ్యి" కూడా అంతే: చేతులు కడుగుతాం, బట్టలు ఉతుకుతాం, గిన్నెలు తోముతాం. వంటింట్లో, పెరట్లో పని జరుగుతున్నప్పుడే సరైన క్రియ వినిపిస్తే వేరుగా పాఠం అక్కరలేదు.

కన్నడం ఇందుకు అడ్డంకి కాదు, ఆసరా. మన పాడు, పుట్టు, పంచు అనేవి అక్కడ హాడు, హుట్టు, హంచు అయినవి. మొదటి 'ప' స్థానంలో 'హ' వచ్చుటను ఆటగా చూపండి. పోలికతో పొరపాటు కలిగే చోట్లు కూడా చెప్పండి: కన్నడంలో "కొడు" అంటే ఇవ్వు, మన "కొట్టు" వేరు. అక్కడ "కుడి" అంటే తాగు. మనకు కుడి ఒక పక్క.

క్రియ చివర కూడా భేదమున్నది. కన్నడంలో ఆమె "బందళు", బస్సు "బంతు". తెలుగులో ఆమె వచ్చింది, బస్సూ వచ్చింది. అతడు మాత్రం వచ్చాడు. మన వ్యాకరణంలోని మహత్తు, అమహత్తు అనే విభాగం ఇదే. బహువచనంలో స్త్రీలు పురుషులతో చేరుతారు: వారు వచ్చారు, బస్సులు వచ్చాయి. బిడ్డ తడబడితే గద్దించక, సరైన వాక్యాన్ని మీరే మరల పలకండి.

వారానికి నాలుగైదు క్రియలు చాలును. ప్రతి క్రియనూ నిన్న, నేడు, రేపు అనే మూడు కాలాలలో పలికించండి: ఉతికాను, ఉతుకుతున్నాను, ఉతుకుతాను. రాయించే తొందర వద్దు. సొంత ఊరి నుండి అమ్మమ్మ ఫోనులో "ఏం చేస్తున్నావు?" అని అడిగినప్పుడు, ఆ ప్రశ్నకు జవాబు ఒక క్రియాపదమే. ఆ పదం బిడ్డ నోట సిద్ధంగా ఉండవలెను.