వేలి ఎరుపు నుంచి మెదడు నెత్తురు దాకా

చీకటి గదిలో సెల్‌ఫోన్ టార్చి మీద చూపుడువేలు ఆనించి చూడండి. వేలి కొస ఎర్రగా వెలుగుతుంది. ఏటా తొమ్మిదో తరగతి పిల్లల చేత ఈ ప్రయోగం చేయిస్తాను. "లోపలి ఎముక కనబడదేం టీచర్?" అని ఒక్కరైనా అడుగుతారు. కండలో కాంతి సూటిగా పోదు, పాలలో పడ్డ వెలుగులా చెదిరిపోతుంది, అందుకని ఎముక నీడ చెరిగిపోతుంది. ఇక ఆ ఎరుపు సంగతి: నీలం, ఆకుపచ్చ కాంతులను నెత్తురులోని హిమోగ్లోబిన్ చాలావరకు మింగేస్తుంది, ఎరుపును వదిలేస్తుంది.

ఎరుపుకు అవతల కంటికి కనబడని పరారుణ కాంతి ఉంది. ఎరుపుకు దగ్గరగా ఉండే దాని భాగం పుర్రె ఎముకను కూడా దాటిపోగలదు. తల కోయకుండా ఆ కాంతితో మెదడులోని ఆక్సిజన్ హెచ్చుతగ్గులు తెలుసుకోవచ్చని 1977లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఫ్రాన్స్ యోబ్సిస్ చూపాడు.

కిటుకు మనకు తెలిసినదే. ఆక్సిజన్ మోస్తున్న హిమోగ్లోబిన్ రంగు వేరు, దించేసిన దాని రంగు వేరు. కరోనా రోజుల్లో వేలికి తగిలించుకున్న ఆక్సీమీటరు ఈ తేడా మీదే నడుస్తుంది. జపాన్ ఇంజనీరు తకువో అవోయాగి 1970లలో కనిపెట్టిన పద్ధతి అది. వేలికైతే కాంతి ఇటు నుంచి అటు పోతుంది. పెద్దవాళ్ళ తలకు అది కుదరదు. అందుకని ఒక టోపీలో చిన్న దీపం, దానికి సుమారు 3 సెంటీమీటర్ల దూరంలో కాంతిని పట్టే పరికరం అమరుస్తారు. కాంతి అరటిపండు వంపులో లోపలికి దిగి, మెదడు పైపొరను తాకి తిరిగి వస్తుంది.

మన బరువులో మెదడు 2 శాతమే, ఆక్సిజన్ మాత్రం ఐదో వంతు వాడుకుంటుంది. ఏ భాగం పనిచేస్తే అక్కడికి కొద్ది సెకన్లలో అవసరానికి మించి నెత్తురు చేరుతుంది. యంత్రం చూసేది ఈ నెత్తురునే, ఆలోచనను కాదు. కరెంటు మీటరు జోరుగా తిరిగితే ఇంట్లో ఏదో నడుస్తోందని తెలుస్తుంది, ఇంట్లోవాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో తెలియదు కదా! టోపీ పెట్టి మీ అబ్బాయికి ఎంపీసీయా, బైపీసీయా చెబుతామని ఎవరైనా అంటే నమ్మకండి.

దీని అసలు ఉపయోగం పసిపిల్లలకు. ఎంఆర్ఐ హోరులో కదలకుండా పడుకోమంటే ఏ బిడ్డ పడుకుంటుంది? 2003లో ఇటలీ శాస్త్రజ్ఞులు పుట్టి కొద్ది రోజులే అయిన శిశువులకు మాటలు వినిపించి చూశారు. మామూలు మాటలకు ఎడమవైపు మెదడు ఎక్కువగా స్పందించింది. అవే మాటలను తిరగేసి వినిపిస్తే అంతగా స్పందించలేదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది గాంబియా దేశంలోని కెనెబా అనే పల్లె. అక్కడి తల్లుల ఒడిలో కూర్చున్న నెలల పిల్లలకు టోపీ పెట్టి కొలిచిన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. తిండి చాలని పిల్లవాడు చదువులో వెనకబడ్డాడని మనం బడిలో చేరాక గుర్తిస్తాం. మాటలు రాకముందే మెదడు ఎదుగుదలను గమనించగలమా అన్నది వాళ్ళ ప్రశ్న. ఇంకా పరిశోధనే, ఒక్కో బిడ్డకు తీర్పు చెప్పే పరీక్ష కాదు.

ఒక చిక్కుంది. నల్లని జుట్టు, ముదురు చర్మం కాంతిని ఎక్కువగా పీల్చుకుంటాయి. ఆక్సిజన్ తగ్గినా ఆక్సీమీటరు పసిగట్టలేకపోవడం నల్లజాతి రోగుల్లో తెల్లవారికంటే దాదాపు మూడింతలు ఎక్కువని 2020లో అమెరికా పరిశోధకులు తేల్చారు. మన పిల్లలకు ఇలాంటి యంత్రం తెచ్చేవారిని ముందుగా అడగవలసింది ఒకటే: దీన్ని ఎలాంటి చర్మం మీద, ఎలాంటి జుట్టు మీద సరిచూశారు?